బొటనవేలి ధ్రువపత్రం

గురువారం ఉదయం నైట్రోజన్ వస్తుంది,
కడుపు ఉబ్బిన ఉక్కు కూజాలో,
మూత తీస్తే తెల్లటి ఊపిరి వదులుతూ.
అరౌసా అఖాతం మీద అప్పటికే వాన.
వరండాలో గొడుగులు దులుపుకుంటూ
ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ళు ఐదుగురు,
చేతులు దాచుకోవడం అలవాటైనవాళ్ళు.

మొదట ఒటీలియా బర్రెయిరో.
కుడి బొటనవేలి మెత్త మీద
కాలీఫ్లవర్ తునకంత పులిపిరి,
నడుమ నల్లటి చుక్కలు.
"గింజలా?"
కావు, నెత్తురు నాళాల కొసలు.
"గింజలే అయ్యుంటాయి. నాటకుండానే మొలిచింది కదా."

తడి ఆరని చేతుల్ని వెతుక్కునే క్రిమి అది,
పెంకు గీరిన చిన్న గాటు చాలు.
చంపదు. కత్తి పట్టుకుంటే తప్ప నొప్పీ పెట్టదు.
అద్దె కట్టని మనిషిలా
ఊరికే ఉంటుంది.

చిన్నప్పుడు మోచేతి మీద మొలిస్తే
వాళ్ళ అమ్మమ్మ అంజూరపు పాలు పూసిందట.
ఎన్ని పులిపిర్లో అన్ని ఉప్పురాళ్ళు మూటగట్టి
నాలుగుదార్ల కూడలిలో వదిలేసిందట,
మూట విప్పినవాళ్ళకు అంటుకుంటాయని.
"ఎవరు విప్పారో, పాపం,"
నలభై ఏళ్ళ తర్వాత కూడా నొచ్చుకుంటుంది.

ఈ వేలికి మందుల షాపు ఆమ్లం వాడింది, రోజూ రాత్రి,
ఆకురాయితో అరగదీసి, పైన ప్లాస్టర్ వేసి.
ఒక తెల్లవారుజామున చన్నీళ్ళలో ప్లాస్టర్ ఊడింది.
ఏ ఊరి ఎవరి డబ్బాలోకి పోయిందోనని
నెలంతా దిగులు.

దూది చుట్టిన పుల్ల ముంచి తీస్తాను.
సున్నాకి దిగువన నూట తొంభై ఆరు.
మంట పుడుతుంది, పది లెక్కపెట్టండి.
లెక్కపెట్టదు. నవ్వుతుంది.
"జనవరిలో మా తొట్టి చూడలేదు నువ్వు."
చర్మం తెల్లగా గడ్డకట్టి
మళ్ళీ ఎర్రబడేదాకా ఆగి, ఇంకోసారి.
రెండోసారికి ఆమె మడమ నేలను తన్నింది.
ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

బొబ్బ. నల్లటి పొక్కు. మూడు వారాలకోసారి.
ఐదో విడతకి, పొక్కు కింద గులాబీ చర్మం,
దాని మీద, భూతద్దం పెట్టి చూపించాను,
సన్నటి గీతలు.
పులిపిరి పక్కకు నెట్టేసినవి
ఇల్లు ఖాళీ అయిందని కబురందినట్టు
ఒక్కొక్కటే వచ్చి తమ చోట్లలో కూర్చున్నాయి.
నయమైందనడానికి మాకు అదే గుర్తు.

సోమవారం మళ్ళీ వచ్చింది,
అపాయింట్‌మెంట్ లేదు, ఒంటి మీద రబ్బరు ఆప్రాన్.
ఫ్యాక్టరీ గేటు దగ్గర వేలిముద్ర యంత్రం
ఆమెను ఎరగనంది.
నాలుగేళ్ళ కిందట అది నేర్చుకున్నది
పులిపిరిని.
ఎర్ర దీపం. తుడిచి పెడితే, మళ్ళీ ఎర్ర దీపం.
కొత్త సూపర్‌వైజర్, మీసం కూడా సరిగా రాని కుర్రాడు,
"మీరు జాబితాలో లేరు" అన్నాడట.
ముప్పై ఏళ్ళుగా పక్క బల్ల మీద పనిచేసే ఒబ్దూలియా
"ఈమె ఒటీలియానే, నేను చెప్తున్నాగా" అంటే
"మీరు చెబితే చాలదు" అన్నాడట.
గంటన్నర జీతం కోత.

"నా వేలు నాదేనని కాగితం రాసివ్వు."

అలాంటి ఫారం మా దగ్గర లేదు.
తెల్లకాగితం తీసి రాశాను:
ఈ బొటనవేలు పుట్టినప్పటినుంచీ ఒటీలియా బర్రెయిరోది.
మధ్యలో కొన్నేళ్ళు వేరేవాళ్ళు కాపురమున్నారు.
ఖాళీ చేయించాం.
సంతకం. ఆరోగ్య కేంద్రం ముద్ర.

మడతపెట్టబోయి ఆగింది.
నా స్టాంపు సిరాలో వేలు అద్ది
కాగితం అడుగున నొక్కింది.
ఇద్దరం వంగి చూశాం,
ఒక్క గీతా తెగలేదు.

తలుపు దగ్గర ఒబ్దూలియా,
ఎడమచేయి ఆప్రాన్ వెనక.
లోపలికి రమ్మన్నాను.
"వస్తాలే," అంది,
"ముందు ఆ యంత్రం ఏమంటుందో తెలియనీ."