రుచి రిజిస్టరు

పిల్లలకంటే ముందు నేను తినాలి.
ఆకలేసి కాదు, ఉత్తర్వు ఉంది గనక.
గరిటెడు అన్నం, మీద కాస్త పప్పు.
తిని, టైము వేసి, "రుచి బాగుంది" అని రాసి
కింద సంతకం గీకాలి.
నాలుగేళ్లలో ఎనిమిది వందల పైచిలుకు పూటలు
రుచి బాగుంది నాకు.

మెళియాపుట్టి అవతల, బస్సు వదిలేసిన చోటునుంచి
ఇంకో రెండు కిలోమీటర్లు నడిస్తే మా బడి.
గుమస్తా లేడు, అటెండరు పోస్టు ఖాళీ,
హెడ్మాస్టరు కుర్చీకి నేను ఇన్‌ఛార్జిని,
కుర్చీకి ఒక కాలు పొట్టి.
గుడ్ల అట్టలు విప్పి
నీలం ముద్ర ఈ వారానిదా పోయిన వారానిదా అని
ఎండలో తిప్పి చూస్తాను.
పగిలినవి రెండు. పక్కన పెట్టు, ఫోటో తియ్యి.
ఫోను పట్టుకుని నీళ్ల ట్యాంకు మెట్లెక్కుతాను,
సిగ్నలు ఆఖరి మెట్టు మీదే కాపురం.
హాజరు అరవై మూడు. భోజనం అరవై ఒకటి.
ఆ ఇద్దరేమయ్యారు? అంటుంది యాప్.
ఒకడికి జ్వరం వచ్చి వాళ్లమ్మ తీసుకుపోయింది,
ఇంకొకడు పేరు పలికి, కిటికీలోంచి దూకి
జీడిపిక్కలేరడానికి తోటకి పోయాడు.
జీడితోటకి గడి లేదు.
"ఇతరములు" నొక్కుతాను.

తవిటమ్మ బిల్లు పడి మూడు నెలలు.
పాత్రో కొట్లో కందిపప్పు, నూనె, చింతపండు
అన్నీ ఆవిడ పేరు మీద అప్పు.
"పడిందా సారూ?" అని రోజూ అడిగేది.
ఈమధ్య అడగడం లేదు.
అడిగిన రోజులే నయం.

మొన్న మంగళారం పై నుంచి తనిఖీ.
బియ్యం తూచారు, చిక్కీలు లెక్కపెట్టారు,
మరుగుదొడ్డి, మొక్కలు, చేతులు కడిగే చోట సబ్బు.
అధికారి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని
నా "బాగుంది" పక్కనే రాశాడు:
ఉప్పు తక్కువ.

జీపు వెళ్లిపోయేసరికి రెండు ముప్పావు.
నా క్యారేజీ టెక్కలిలో, ఇంటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది.
వంటగది అరుగు మీద గోనె పరుచుకుని కూలబడ్డాను.

"తినీసినారేటి బావూ?"
"ఆఁ, తిన్నాను."
"ఆ బుక్కులో రాసుకోండి అలాటివి, నాకాడ కాదు."

గుండిగ అప్పటికే బోర్లించి ఉంది, తోమిన నీళ్లు కారుతూ.
"కొంచెం నీకోసం అట్టేపెట్టుకోవచ్చు కదే" అన్నాను.
"గుంటల బియ్యం గుంటలకే.
గింజ తగ్గితే నా మెడకి సుట్టుకుంతాది."
పొయ్యి వెనకనుంచి తన క్యాను తీసింది,
మూతనిండా చోడంబలి వొంపింది,
చిదిపిన ఉల్లిపాయ, నాలుగు వేపిన మెత్తళ్లు.
"మరి నీకో?"
"నాకేటి, ఇంటికెలితే కుండడుంది."

ఆ కుండ సంగతి నాకు తెలుసు.
నా క్యారేజీ సంగతి ఆవిడకి తెలిసినంత తెలుసు.

తాగాను. పులుపు గొంతులో దిగుతుంటే
ఇన్నేళ్లూ నేను దేనికి మార్కులేశానో గుర్తు రాలేదు.
వండేవాళ్లు తిన్నారా అని
ఏ కాలమూ అడగలేదు ఇంతవరకూ.
లెక్క రాసేవాడు తిన్నాడా అనీ అడగలేదు.
మూత కడిగి ఇవ్వబోతే లాక్కుంది,
"మీ సేతుల్తో ఒద్దు, సొట్టలడిపోతాది."

మర్నాడు పన్నెండూ అయిదు.
గరిటెడు తిన్నాను, టైము వేశాను.
"రుచి బాగుంది" రాయడానికి చెయ్యి ఆడలేదు.
"ఉప్పు సరిపోయింది" అని రాశాను.
ఎందులో అని ఎవరూ అడగలేదు.

తవిటమ్మ గ్యాసు బండని ఒకసారి పక్కకి వొంచి
చెవి దగ్గర పెట్టి ఊపింది.
"ఇంకో రెండ్రోజులొస్తాది" అంది,
నాతోనో, బండతోనో.
బయట అరవై రెండు కంచాలు
అప్పటికే మోగుతున్నాయి.