అరువు క్లోమం

ఇరవై మూడు పేజీలు చదివి సంతకం పెట్టాను.
పద్దెనిమిదో పేజీలో ఉంది:
ఆరు వారాలయ్యాక పరికరం తిరిగి ఇచ్చేయాలి.
బోగోమిర్ ఆ పేజీ చదవలేదు.

చలికాలమే ఎందుకంటే
అప్పుడు తేనెటీగలకి నాతో పని ఉండదు.
మా కొండవాలు మీద పెట్టెలన్నీ మంచు కప్పుకుని ఉంటాయి.
చెవి ఆనిస్తే మాత్రం
పక్కింట్లో ఎసరు కాగుతున్నట్టు సన్నగా చప్పుడు.
జనవరి రెండో సోమవారం ల్యుబ్ల్యానా బస్సెక్కాను.

డాక్టర్ గాష్పెర్ నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న.
పొట్టకి ఒక పక్క సెన్సర్, ఒక పక్క పంప్,
మధ్యలో, ఫోనంత డబ్బాలో, లెక్క.
"రాత్రిళ్లు ఇక మీరేమీ చెయ్యనక్కర్లేదు" అన్నాడు
నలభై నాలుగేళ్లుగా ఏదో ఒకటి చేస్తూనే ఉన్న మనిషితో.

తొమ్మిదో ఏట మొదలైంది నాకు.
నాన్న పాలగిన్నెలో గాజు సిరంజి మరిగించేవాడు,
సూది మొద్దుబారితే
కొడవలి నూరే రాయి మీదే నూరేవాడు.
తేనె అమ్మే ఇంట్లో తేనె నాకకుండా పెరిగాను.
నాకది మందు. జేబులో వేలెడంత సీసా.
కాళ్లు తేలిపోయి, మాట ముద్దయిపోయినప్పుడే
నాలిక మీదికి వచ్చేది.
అందుకని తేనె రుచేమిటని నన్నడిగితే
భయం రుచి అంటాను.
కొనేవాళ్లకి అలా చెప్పను.

మొదటి రాత్రి వార్డులో నెవెంకా అనే నర్సు
బార్లీ జావ గ్రాముల్లో తూచి పెట్టింది.
నిద్ర పట్టలేదు.
ఐదు నిమిషాలకోసారి పొట్ట దగ్గర చిన్న టిక్కు.
కొత్త కోడలు నా వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే
మంచం మీంచి వింటున్నట్టుంది.
రెండింటికి అంకె దిగింది. డబ్బా ఇన్సులిన్ ఆపేసింది.
మూడింటికి దానంతటదే పైకొచ్చింది.
నేను వేలు కూడా కదపలేదు.

బోగోమిర్ అలారం లేకుండానే మూడింటికి లేస్తాడు,
పెళ్లయిన రెండో నెల నుంచీ.
అరచెయ్యి నా నుదుటి మీద పెడతాడు.
పొడిగా ఉంటే పడుకుంటాడు.
చెమట తగిలితే సీసా మూత తీస్తాడు.
ఇరవై ఎనిమిదేళ్లు.
దీనికి అతన్నెవరూ సంతకం అడగలేదు.

వార్డు నుంచి ఇంటికొచ్చాక కూడా లేచేవాడు.
చెయ్యి నుదుటి దాకా వచ్చి గాల్లో ఆగేది.
వెళ్లి డబ్బా మీద అంకె చూసి,
తెలియని భాషలో వచ్చిన ఉత్తరంలా అటూ ఇటూ తిప్పి,
కిటికీ దగ్గర నిలబడేవాడు.
ఐదో వారం ఒక పొద్దున, ఏడున్నరకి,
ఇంకా గురక.
ఇంత పొడుగు గురక అతనికుందని నాకు తెలీదు.
లేపలేదు.
కాఫీ చల్లారింది. మళ్లీ కాచాను.

ఫిబ్రవరి చివర తిరిగి ఇచ్చేశాను.
గాష్పెర్ నా రాత్రులన్నీ కాగితం మీద గీసి చూపించాడు.
పచ్చ గీత, దున్ని చదును చేసిన నేలలా.
"ఎంత ప్రశాంతంగా పడుకున్నారో చూడండి."
దాని కింద ఇంకో గీత ఉండాల్సింది, ఇంకొకరిది.
అడగడానికి నోరు రాలేదు.
బస్సంతసేపూ ప్లాస్టర్ ఊడిన చోట
నలుచదరంగా ఎర్రబడ్డ చర్మం గోక్కుంటూ కూచున్నాను.

"డబ్బా ఏదీ?" అన్నాడు గుమ్మంలోనే.
పద్దెనిమిదో పేజీ సంగతి చెప్పాను.
చేతిలోని పార గోడకి ఆనించాడు.
అది జారి పడితే, మళ్లీ ఆనించాడు.

ఆ రాత్రి మూడింటికి
నుదుటి మీద చెయ్యి పడింది,
బరువుగా, గరుగ్గా, మైనం వాసనతో.
మెలకువగానే ఉన్నాను. కళ్లు తెరవలేదు.
బయట మంచు కింద పెట్టెల్లో
ఈగలు బంతిలా ముడుచుకుని
అంచున చలిలో ఉన్నవి లోపలికీ, వెచ్చబడ్డవి అంచుకీ
వంతులు మార్చుకుంటూ ఉండి ఉంటాయి.

"పొడిగానే ఉంది" అన్నాడు,
ఎవరితోనో.