రెండు కాకుండా నాలుగెందుకు

ఫ్రేజర్‌బరో రేవు, ఉదయం తొమ్మిది.
సముద్రం మీంచి లేచిన మంచు
క్లినిక్ అద్దాల దాకా వచ్చి ఆగింది,
చెప్పులు విప్పి రావాలా అని అడుగుతున్నట్టు.
నా ముందు పదకొండు పేజీలు, ఒక పెన్సిలు,
ఇన్నెస్ డూతీ.
నలభై నాలుగేళ్లు. వలలు బాగుచేస్తాడు.
హెరాయిన్ మానేసి ఇరవై ఆరు రోజులు.
అది అతను చెప్పిన లెక్క.
మూత్ర పరీక్ష చెప్పిందీ అదే,
ఈ ఒక్కసారికి.

"గడిచిన నెలలో ఎంత తరచుగా దిగులుపడ్డారు?"
ఐదు గడులు. ఐదూ ఒకే సైజు.
"దిగులంటే ఏ రకం?
పొద్దున లేవలేకపోవడమా,
రాత్రి పడుకోలేకపోవడమా?
మా తమ్ముడి బూట్లు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాయి.
రోజూ వాటిని దాటుకునే బయటికెళ్తాను.
అదీ లెక్కలోకొస్తుందా?"
నాకిచ్చిన సూచన:
ప్రశ్నను వివరించరాదు, ఉన్నదున్నట్టు మళ్లీ చదవాలి.
మళ్లీ చదివాను.
"తరచుగా," అన్నాడు, నా మీద జాలిపడి.

మారాలన్న కోరిక: సున్నా నుంచి పది.
కాగితం మీద స్కేలు బొమ్మ.
వేలు పెట్టి చూపించాడు, నాలుగు.
ఆ వేలికి గోరు లేదు, పడవ మీది వించ్ తినేసింది.
ఇక్కడ ఒక కిటుకుంది,
మా శిక్షణలో రెండు రోజులు దానికే పట్టాయి.
నాలుగేనా అనకూడదు.
రెండు కాకుండా నాలుగెందుకు అనాలి.
అప్పుడు మనిషి తన నోటితోనే
తన తరఫున వాదించుకుంటాడట.
అడిగాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
ఆ తర్వాత వలల సంగతి ఎత్తాడు.
తనిఖీవాళ్లు వచ్చి కంతలో కొలబద్ద దూరుస్తారట.
"తడిసిన వల ఒకటి చెబుతుంది,
ఎండిన వల ఇంకొకటి.
వల అదే. చేపా అదే.
నేనిప్పుడు తడిసి ఉన్నానమ్మాయీ.
నాలుగు రాసుకో."

ఇక స్వయం సహాయక బృందం.
ఎన్ని సమావేశాలకు వెళ్లారు? లేదు.
లేచి మాట్లాడారా? లేదు.
వాళ్లిచ్చిన పుస్తకం చదివారా?
"కళ్లద్దాలు అమ్మేశాను."
పేజీ నిండా గుండుసున్నాలు.
నేను కాగితం తిప్పబోతుంటే అన్నాడు:
"చర్చి హాలు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, మంగళవారాలు.
ముందే వెళ్లి హీటర్ వేస్తాను.
కుర్చీలు పరుస్తాను, ఇరవై మూడు.
టీకి నీళ్లు పెడతాను.
వాళ్లొచ్చే వేళకి మెట్ల మీదికి వచ్చేస్తాను.
తలుపు పూర్తిగా మూయను.
అయ్యాక కప్పులు కడుగుతాను."

"లోపలికెందుకు వెళ్లరు?"
కాగితంలో లేని ప్రశ్న. నోరు జారింది.
"ఇరవై మూడు మంది ఎప్పుడూ రారు.
ఖాళీగా ఉన్నంతసేపూ ఆ కుర్చీ నాదే.
కూర్చున్నాననుకో,
ఏదో ఒకరోజు లేచి వెళ్లిపోవాల్సొస్తుంది."

వెళ్లారా అన్న ప్రశ్నకు
మెట్లు జవాబు కాదు.
మార్జిన్లో చిన్నగా రాశాను: తాళంచెవి, ఇరవై మూడు.
వారం తిరక్కుండా అబర్డీన్ ఆఫీసు నుంచి మెయిలు.
పన్నెండో ప్రశ్న పక్కన ఏవో గీతలున్నాయి, స్పష్టం చేయగలరు.
స్పష్టం చేశాను.
సున్నా.

ఆరు నెలలకు మళ్లీ కూర్చున్నాం, ఈసారి సాయంత్రం.
దిగులు "తరచుగా" దాటి
"ఎల్లప్పుడూ" గడిలోకి జరిగింది.
గ్రాఫులో అతని గీత కిందికి దిగుతుంది,
దిగజారాడనే చదువుతారు చదివేవాళ్లు.
"అప్పుడు నాకేదీ తెలిసేది కాదు," అన్నాడు.
"ఇప్పుడు పక్కింట్లో పసిబిడ్డ ఏడ్చినా తెలుస్తోంది.
తమ్ముడి బూట్లు మొన్న దానాల పెట్టెలో వేసొచ్చాను.
రెండు రోజులు మంచం దిగలేదు.
కానీ ఇంట్లోనే ఉన్నాను. ఎక్కడికీ పోలేదు."

స్కేలు ముందుకు జరిపాను.
గోరు లేని వేలు అటూ ఇటూ తచ్చాడి
మళ్లీ నాలుగు దగ్గరే ఆగింది.
"రెండు కాకుండా..." అంటూ మొదలుపెట్టాను.
"తెలుసులే," అన్నాడు, కోటు తొడుక్కుంటూ.
"ఇవాళ మంగళవారం.
ఆ హీటర్ వేడెక్కడానికి గంట పడుతుంది."