బోర్డు రాసేవాడు

ఒట్టావా ఒడ్డున వదీహ్ బేకరీకి
'వేడి రొట్టె' అని ఇంగ్లీషులో
జానెడేసి అక్షరాలు రాసిచ్చాను.
ఎవరూ కొలవలేదు.

వంతెన దాటితే గాటినో. అక్కడ రెండో కొట్టు.
అదే పిండి, అదే పొయ్యి సెగ.
ఇన్‌స్పెక్టరమ్మ టేపు తీసింది:
ఫ్రెంచి పెద్దగా, ఇంగ్లీషు సగమే.

"రాజ్యాంగం ఒకటేగా?" అన్నాడు వదీహ్.
ఒకటే. అందులోనే ఓ దొడ్డిదారి ఉంది,
ఐదేళ్లకోసారి గడియ మార్చుకునేది.
తాళంచెవి రాష్ట్రం మొలలో.

మా అమ్మమ్మకి మిల్లులో
ఫ్రెంచి మాట్లాడినందుకు కూలి కోశారు.
ఆ టేపుని తిట్టబోతే
నోట్లో ఆవిడ అడ్డం.

మళ్ళీ నిచ్చెనెక్కాను.
ఇంగ్లీషు చిన్నగా, ఇంకా చిన్నగా.
కింద వదీహ్ అరబ్బీలో ఏదో గొణిగాడు.
దానికి సరిపడా టేపు
ఆవిడ తేలేదు, ఇంకా.