శేషం ఒకటి

థెస్సలొనీకి, రైల్వే స్టేషను వెనక వీధి.
చెప్పులు కుట్టే కొట్టుకీ సిమ్ కార్డులమ్మే కొట్టుకీ నడుమ
నా కౌంటరు. అద్దానికి అరచెయ్యి పట్టేంత కంత.
గురువారం మధ్యాహ్నాలు జార్జియా ఆడవాళ్ళవి.
ఎవరి అమ్మలకో అన్నం తినిపించి,
దుప్పట్లు మార్చి, మూడు గంటల సెలవులో వస్తారు,
వేళ్ళకింకా బ్లీచింగ్ వాసనతో.

నాజిబ్రోలా నెలకోసారి.
నాలుగేళ్ళుగా మూడు వందల యూరోలు,
కుతాయిసిలో చెల్లెలు త్సియాలా ఖాతాకి.
నంబరు చూసి చదవదు, అల్లుతుంది:
రెండు సున్నాలు, ఒక ఏడు, మళ్ళీ రెండు సున్నాలు,
సూదులు పట్టుకున్నట్టే కదులుతాయి బొటనవేళ్ళు.

ఇవాళ అల్లలేదు.
ఫోను కంతలోకి తోసింది.
ఎవరిదో కొత్త నంబరు, మీద చెల్లెలి ఫొటో:
"పాతదానికి పంపకు. ఇక నుంచి దీనికే."
కింద ఇరవై రెండు అక్షరాలు.

కంప్యూటరు చూసుకుంటుంది, నిజమే.
అయినా స్ట్రాతోస్ గారు నేర్పిన పాత అలవాటు నాది,
రసీదు వెనక పెన్సిలుతో లెక్క.
మొదటి నాలుగూ తీసి తోకకి తగిలించు.
జీ అంటే పదహారు, ఈ అంటే పద్నాలుగు.
ఆ గూడ్సు బండినంతా తొంభై ఏడుతో భాగించు.
చివర ఒకటి మిగలాలి.
అప్పుకీ నిప్పుకీ పగకీ శేషం ఉంచకూడదంటారు,
ఖాతాకి మాత్రం ఉండి తీరాలి.
మిగిలింది. ఒకటి.

అంటే అంకెల్లో పొరపాటు లేదని. అంతవరకే.
ఆ తలుపు వెనక కూర్చున్నదెవరో
తొంభై ఏడుకేం తెలుసు?
పోయిన వసంతంలో ఒక ఓడ వంటవాడు
తొమ్మిది నెలల జీతం పంపాడు, లేని తమ్ముడికి.
అంకెలన్నీ ఒప్పే.
మూడు రోజులు వరసగా వచ్చి ఈ అద్దం ముందు నిలబడ్డాడు,
ఏమీ అడక్కుండా.

"ఫోన్ చెయ్యి," అన్నాను.
"ఈ నంబరుకి కాదు, నీకు ముందునుంచీ తెలిసినదానికి.
గొంతు వినాలి."
వెనక వరస గొణిగింది. ఎవరో గడియారం చూపించారు.
చెల్లెలు పనిచేసే బేకరీకి చేసింది.
పదకొండు రింగులు.
"ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియనిది అడుగు."

నాకు వాళ్ళ భాష రాదు.
చూడ్డమే వచ్చు.
ఏదో అడిగింది. అటునుంచి జవాబుకి
ఒక్కసారి పకపకా నవ్వింది.
తర్వాత వింది.
చాలాసేపు వింది. కౌంటరు అంచు పట్టుకుంది.
వరసలో గొణుగుడు దానంతటదే ఆగిపోయింది.

"అదే. కొత్త ఖాతా దానిదే," అంది గ్రీకులో.
మళ్ళీ, ఎవరి మాటో అప్పజెప్తున్నట్టు:
"పాతదే దానిది కాదు."

పేరు చెల్లెలిది. కార్డు మరిది జేబులో.
పైకప్పు వేశామని పంపిన ఫొటోలో
ఎర్ర రేకులు పక్కింటివి.
ఇన్నాళ్ళకి బేకరీ యజమానురాలు తోడెళ్ళి
బ్యాంకులో ఇంకో ఖాతా తెరిపించింది, ఇంకో ఫోను కొనిచ్చింది.

పద్నాలుగు వేల నాలుగు వందలు.
నోరు జారలేదు, లెక్క మాత్రం ఆగలేదు.
నలభై ఎనిమిది సార్లు సరిచూసింది నేనే.
నలభై ఎనిమిది సార్లూ
ఒకటే మిగిలింది.

"చదువు," అన్నాను మెల్లగా.
చదివింది. మధ్యలో తప్పింది.
మొదటి వరస అల్లేవాళ్ళలాగా విప్పి, మళ్ళీ మొదలెట్టింది.
పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిమ్మంది.
మూడు వందలు అని టైపు చేయబోతుంటే
అద్దం మీద గోటితో తట్టింది.

"రెండు వందల తొంభై.
ఉన్ని కొనుక్కోవాలి."

పది యూరోల నోటు
కంతలోంచి వెనక్కి తోశాను.