అతుకు

బ్యాటరీ పద్నాలుగు శాతం.
కరెంటు రాత్రి తొమ్మిదికి గానీ రాదు.
ఆలోగా కారకోరం మొత్తం చూపించమంటుంది అపీ,
మా నాన్నని కన్న తల్లి.

రెండువేల మూడువందల ఫోటోలట,
ఒకదాని అంచుకి ఒకటి చేర్చి కుట్టిన బొంత.
వేలు కదిపితే శిఖరం,
ఇంకాస్త కదిపితే శిఖరం మీద పగులు,
పగుల్లో నీడ,
నీడలో మంచు పెళ్ల, పెళ్ల మీద
ఆ పొద్దున రాలిన ఇసుక.

తీసినాయన పంపిన పెన్‌డ్రైవ్
పిండి బస్తాల లారీలో స్కర్దూ నుంచి వచ్చింది.
ఆయన సామాను మోసింది మా కాజిమ్ బాబాయే.

శిఖరాల పక్కన తెల్లటి అక్షరాల్లో పేర్లున్నాయి, ఎత్తులున్నాయి.
అపీ అటు చూడనే లేదు.
పెళ్ళిపందిట్లో పెద్దమనుషుల్ని దాటుకుని
వంటపొయ్యిల వైపు నడిచే మనిషిలా
తిన్నగా కిందికి దిగింది.

"అదుగో, మగది."
నల్లగా, ఒళ్ళంతా రాళ్ళు కప్పుకుని
ఏడాదికి మూరెడు కదలడానికే మూలిగే హిమనది.
"ఆడది ఇంకా పైన. తెల్లగా ఉంటుంది, నీలం తిరిగి.
నీళ్ళిచ్చేది అదే."

వాటికి పెళ్ళి చేసిన పన్నెండుమందిలో
మా తాత ఒకడు.
కాలవ ఎండిపోయిన సంవత్సరం
చువ్వల బుట్టల్లో
దీని మంచు ఇంత, దాని మంచు ఇంత,
పైన బొగ్గూ, బార్లీ ఊకా కప్పి
ఎండపొడ తగలని ఒక గండి దాకా
రెండు రాత్రులు నడిచారు.
దారిలో బుట్ట నేలకి ఆనకూడదు.
దారిలో మాట పెదవి దాటకూడదు,
మంచు బెదురుతుంది.
తాత బొటనవేలు బండకి చితికిందట.
అమ్మా అని కూడా అనలేదు.

"ఆ నోరు మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు,"
అంటుంది అపీ, "నా దగ్గర కూడా."

ఆ గండి ఎక్కడో ఆమె చూడలేదు.
ఆడవాళ్ళని రానివ్వలేదు.
ముప్ఫై ఏడేళ్ళు ఆ నీళ్ళే తాగింది,
ఆ నీళ్ళతోనే పదకొండు ఆప్రికాట్ చెట్లని పెంచింది.
ఉత్తరాలే తప్ప మొహం ఎరగని చుట్టాన్ని
బస్టాండులో వెతికినట్టు వెతుకుతోంది.

ఎడమకి.
ఇంకా ఎడమకి.
ఆగు. వెనక్కి.
బ్యాటరీ తొమ్మిది.
పెద్దది చేసినప్పుడల్లా బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి
కాసేపటికి తేరుకుంటుంది.
ప్రతిసారీ అపీ చాదర్ అంచుతో తెర తుడుస్తుంది,
తేటపడగానే
తన తుడుపే అనుకుని తల ఊపుతుంది.

అతుకు దగ్గర ఆగిపోయాం.
రెండు ఫోటోలు కలిసిన చోట
ఒక బండరాయి సగమే ఉంది.
పక్కనే కాజిమ్ బాబాయి!
కెమెరా తిరుగుతున్నంతసేపూ నడుస్తూనే ఉన్నాడేమో,
మూడుచోట్ల పడ్డాడు:
ఒకచోట నీలం డ్రమ్ము మోస్తూ,
ఒకచోట కూచుని బూటులో రాయి దులుపుకుంటూ,
మూడోచోట సరిగ్గా అతుకు మీద
నడుము దాకానే.
అపీ పగలబడి నవ్వింది.
"చిన్నప్పుడూ ఇంతే, ఒకచోట నిలిచి చచ్చేవాడు కాదు."

కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ వంగింది.

బాబాయి కాళ్ళు ఉండాల్సిన చోట
బూడిదరంగు కొండ మడత.
మడతలో అరచెయ్యంత తెలుపు.
పెద్దది చేశాను. ఇంకా చేశాను.
దానికెవరూ పేరు రాయలేదు.
కింది అంచున సన్నటి నల్లగీత,
దాని కిందుగా తడిసిన రాయి మెరుపు.

బొగ్గేమో అన్నాను.
నీడేమో అన్నాను.
కుట్టడంలో తప్పు కూడా కావచ్చు, అపీ, ఇలాంటి చోట్ల...

అపీ నా పెదవుల మీద వేలు పెట్టింది.

బ్యాటరీ రెండు.
చాప మీదున్న లాప్‌టాప్‌ని
రెండు చేతులా లేపి
ఒళ్ళోకి తీసుకున్నాను.
తెర నల్లబడింది.
తొమ్మిదయింది, బల్బు వెలిగింది.
ఇద్దరిలో ఎవరమూ
దాన్ని కింద పెట్టలేదు.