మందు గీసిన గిరి

పళ్ళెంలో ఆరు కాగితపు బిళ్ళలు.
ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు.
మందులో సత్తువ ఉంటే రాత్రికి రాత్రి
తన చుట్టూ ఒక గిరి గీసుకుంటుంది:
ఇంతవరకే, లోపలికి రావద్దు, అని.
ఆ గిరిని స్కేలు పెట్టి కొలవడమే
నా చదువు.

ఇబ్రి దాటి ఎనభై కిలోమీటర్లు, తారురోడ్డు ఇసకలోకి మునిగే చోట
కఫీల్ మజరా. రేకుల షెడ్డు. మూడు వందల పన్నెండు మేకలు.
ఒకదాని ముక్కులో దూదిపుల్ల తిప్పుతుంటే
"మెల్లగ బిడ్డా, దానికి ఆ పక్క నొస్తది"
అన్నారెవరో వెనకనుంచి.
తెలుగు!
చేతిలో పుల్ల జారి పెంటికల్లో పడింది.
ఆ శాంపిలు పనికిరాలేదు.

గుండ్ల బీరయ్య. మెట్‌పల్లి అవతలి ఊరు. వచ్చి పద్నాలుగేళ్ళు.
తోటపని అని వీసా చేతిలో పెట్టారట,
దిగి చూస్తే తోట లేదు, అన్నీ తోకలే.
చీకట్లో, మంచం మీద లేవకుండానే
దగ్గు విని రోగం చెప్తాడు:
ఇది దుమ్ము దగ్గు, అది ఊపిరి దగ్గు,
అగో, అది పొద్దుగాలకు ఉండదు.
ఆ ముక్కే నేను చెప్పాలంటే
నాలుగు రోజులు, ఒక యంత్రం,
డాక్టర్ రయ్యా అల్ కల్బానీ సంతకం కావాలి.

నా కాగితంలో ఇరవయ్యో ప్రశ్న:
మందు ఎవరు రాస్తారు?
"రాసుడెవలు? సీసా ఉంటది, నేను పొడుస్త."
మోతాదు?
"మేకను జూసి."
ఎన్ని రోజులు?
"లేసి మేసేదాక."
లేచి మేశాక?
"మిగిలింది ఇంకోదానికి."
తర్వాతిది కాగితంలో లేదు, నేనే అడిగాను:
మరి నీకు జ్వరమొస్తే?
మేకుకు వేలాడే సంచి వైపు చూశాడు.
అందులో అదే పచ్చమూత సీసా.
"బతాకా కఫీల్ దగ్గరుంటది. దవాఖాన పట్నంల ఉంటది.
మేకకు పనిజేసింది మనిషికి జెయ్యదా?"

అరచేతిలో ముల్లు దిగిన పుండు. రెండు నెలలుగా మానలేదు.
అనుమతి పత్రం తెలుగులో చదివి వినిపించాను.
వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు,
'గుం' దగ్గర కలం కాసేపు ఆపి.
ఆ పుండు మీదా ఒక దూదిపుల్ల తిప్పాను.

బయట నలభై ఏడు డిగ్రీలు.
ఇంక్యుబేటర్లో ముప్పై అయిదు.
కంటికి కనబడని పురుగుకు మేం అమర్చిన చల్లని గది.

మర్నాడు పళ్ళెం వెలుతురులోకి ఎత్తాను.
మేకది: నాలుగు బిళ్ళలకు గిరి లేదు.
మీగడ కట్టినట్టు బిళ్ళను ఆనుకునే పెరిగింది.
బీరయ్యది: అవే నాలుగు.
కొలవడానికి స్కేలు తీశాను గానీ
కొలిచేందుకేముంది,
సున్నా, సున్నా, సున్నా, సున్నా.

"మంచి పేపరవుతుంది" అన్నారు డాక్టర్ రయ్యా.
అనేసి, ఆ మాటకు ఆవిడే సిగ్గుపడి
కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు.

ల్యాబు తలుపు మీద ఇంకా ఉంది
రాజంపేటలో నేను చదివి ఎగిరి గంతేసిన ప్రకటన:
పశురోగాలు, మందుకు లొంగని సూక్ష్మజీవులు,
పరిశోధక విద్యార్థులకు చక్కని అవకాశం,
స్టైపెండు, ఏసీ హాస్టలు.
మొండి పురుగు ముదిరినకొద్దీ
మాకు సీట్లు పెరుగుతాయి.
ఈ సంగతి అమ్మకు ఫోన్లో చెప్పలేదు.

థీసిస్‌లో బీరయ్య పేరుండదు. 'మనిషి-3'. నియమం.
శాంపిళ్ళ బండిలో, ఐసుపెట్టె పెట్టే సీట్లో
ఆయన్ని కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.
కఫీల్‌కి ఆవిడే ఫోన్ చేసి గొంతు పెంచితే బతాకా వచ్చింది.
"మీ సదువుల ఇంకో సీటున్నదా?"
డిగ్రీ అడుగుతారు.
"దగ్గు ఇనెటందుకు డిగ్రీ ఏంది?"
నవ్వాడు. నవ్వు మధ్యలో తెగి
దగ్గు వచ్చింది, పొడుగ్గా, లోపల్నుంచి.

"దుమ్ముదే బిడ్డా" అన్నాడు,
నేనింకా అడగకముందే.